గంటకు ఆరు వందల నలభై

మా ఊరి పేరు చెప్పను. చెబితే ఎవరో ఒకరు వివరణ కోరతారు. వివరణలు ఇచ్చి ఇచ్చి మా సంఘం ఇప్పటికే అలసిపోయి ఉంది. బెల్లం వ్యాపారం ఉన్న ఊరు, పక్కనుంచి హైవే పోతుంది. అంతవరకు చాలు.

ఆ ఊళ్ళో వేగి సన్యాసినాయుడు గారు బెల్లం కమీషన్ వ్యాపారి. వేగి ఆయన ఇంటిపేరు. తాతముత్తాతల నుంచి వస్తున్న ఇంటిపేరే తప్ప అందులో ఆయన చేసిందేమీ లేదు. మనిషి చాలా నెమ్మది. కారు అరవై దాటితే ఆయనకు కడుపులో తిప్పుతుంది. అయినా కార్లంటే ప్రాణం. ఎప్పుడో కోయంబత్తూరులో ఒక షెడ్డులో తుప్పు పట్టి పడి ఉన్న విదేశీ కారును చూసి, ఇంట్లో చెప్పకుండా లారీ మీద వేయించుకుని తెచ్చేశారు. ఎర్ర రంగు, రెండు తలుపులు, రెండే సీట్లు. దాన్ని ఆయన, ఆయన కూతురు హైమావతి కలిసి బాగుచేశారు. మొదలుపెట్టినప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కారు స్టార్టయ్యేసరికి ఇంజనీరింగ్ పూర్తిచేసి విశాఖలో ఉద్యోగం కూడా చేస్తోంది. తండ్రికి బాగుచేయడం ఇష్టం. కూతురికి నడపడం ఇష్టం. అందువల్ల వాళ్ళిద్దరికీ ఎప్పుడూ తగువు రాలేదు.

కారు తలుపు మీద తెల్లటి వలయంలో 640 అని ఒక అంకె ఉంది. పాత యజమాని ఏదో పోటీలో వేసుకున్న నంబరు. రంగు వేయించినప్పుడు కూడా దాన్ని చెరపడానికి తండ్రీకూతుళ్ళకు మనసొప్పలేదు.

మా వాహన ప్రియుల సంఘంలో సభ్యులు కొద్దిమందే. అధ్యక్షులు నాయుడు గారు. ఉపాధ్యక్షురాలు పళ్ళ డాక్టరు మృదుల గారు. కార్యదర్శిని నేను, కాలేజీలో లెక్కలు చెబుతాను. మా ఆశయం ఒక్కటే: కార్ల గురించి ఎవరు ఎక్కడ తప్పు మాట్లాడినా దిద్దడం. ఈ మధ్య మమ్మల్ని పెళ్ళిళ్ళకు పిలవడం తగ్గించారు.

ఆ ఏడాది మా అందరికీ ఒక ఆశ ఉండేది. తమిళనాడులో ఒక రేసు ట్రాకు మీద పాత కార్లకు ఏటా పోటీ పెడతారు. ఒక్కొక్క కారు ఒంటరిగా ఒక చుట్టు తిరగాలి, ఎవరు త్వరగా వస్తే వాళ్ళు గెలిచినట్టు. వచ్చే ఏడాది నుంచి మరీ పాతబడిన కార్లను రానివ్వరట. అంటే నాయుడు గారి దగ్గరకు వచ్చాక ఆ కారుకు ఇదే మొదటి పోటీ, ఇదే చివరిది. హైమావతి పేరు ఇచ్చేసింది, సెలవు కూడా పెట్టుకుంది.

పోటీకి ఇంకా నెల ఉందనగా ఒక ఆదివారం నాయుడు గారు బైపాస్ పక్కన కారు ఆపి మొక్కజొన్న పొత్తులు కొంటున్నారు. అదే సమయంలో రోడ్డుకు అవతలివైపు బెల్లం దిమ్మలతో వెళుతున్న ఆటోకు గేదె అడ్డం వచ్చింది. ఆటో పక్కకు ఒరిగి పడిపోయింది. గేదెకు ఏమీ కాలేదు. డ్రైవరుకు మోచెయ్యి గీరుకుంది. నాయుడు గారే పరుగెత్తి వెళ్ళి అతన్ని లేవదీసి, నీళ్ళు తాగించి, చేతిలో ఒక పొత్తు పెట్టారు.

రోడ్డు నిండా పడిన బెల్లాన్ని వీడియో తీయడానికి ఒక ఛానల్ రిపోర్టరు సూరిబాబు వచ్చాడు. బెల్లం తీశాడు. గేదెను తీశాడు. ఆ తర్వాత అతని చూపు ఎర్ర కారు మీద పడింది, అక్కణ్ణుంచి తలుపు మీది అంకె మీద పడింది.

సాయంత్రానికి వార్త వచ్చింది. గంటకు ఆరు వందల నలభై కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చిన మృత్యుశకటం. కారు పక్కనుంచి వెళ్ళిన గాలికే ఆటో ఎగిరిపడినట్టు బొమ్మలు కదిలించి చూపించారు. కారు వెనక మంటలు పెట్టారు. ఇంటిపేరులోనే వేగం ఉందని యాంకరమ్మ మూడుసార్లు చెప్పింది. ఈ కారులో అయితే ఇక్కణ్ణుంచి హైదరాబాదుకు గంట చాలట. చివర్లో ఆటో డ్రైవరును చూపించి, షాకులో మాట కూడా రాని స్థితిలో బాధితుడు అన్నారు. అది నాయుడు గారిచ్చిన పొత్తు అతని నోట్లో ఉండగా తీసిన దృశ్యం.

ఆ సాయంత్రమే మృదుల గారి క్లినిక్‌లో మా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నాయుడు గారు ఒక మూల బల్ల మీద కూర్చున్నారు. ఆయన బాధ వేగం గురించి కాదు. గాయపడ్డవాణ్ణి వదిలేసి పారిపోయాడని అదే వార్తలో అన్నందుకు.

"నేను పారిపోనేదు మాస్టారూ," అన్నారు. "ఆడికి నీళ్ళిచ్చింది నేనే కదేటి."

మేము ఆయన్ను ఓదార్చాము. కానీ నిజం చెప్పాలంటే మా మనసు వేరేచోట ఉంది. కారు చప్పుడు అని వాళ్ళు వినిపించింది మోటారు సైకిల్ చప్పుడు. ఇంజన్ బలం పెంచే టర్బోను బాంబు వంటి పరికరం అన్నారు. వెనక ఉన్న వింగును డిక్కీ మీద తగిలించిన పలక అన్నారు. ఈ మూడో మాటకు మృదుల గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఛానల్‌కు సవరణ లేఖ రాయాలని, దాని ప్రతులు సంబంధిత అధికారులందరికీ పంపాలని తీర్మానించాము. ఎవరికి ఏది బాధ కలిగించిందో అదంతా అందులోకి చేరింది. కారు గరిష్ఠ వేగం ఆరు వందల నలభై కాదని, గంటకు రెండు వందల ఇరవై ఎనిమిది మాత్రమేనని నేను రాశాను. మాత్రమే అన్న మాట కింద గీత కూడా గీశాను. వెనక ఉన్నది పలక కాదు, గాలిని నియంత్రించే రెక్క అని మృదుల గారు రాయించారు. ఇంగ్లీషు మాట వాడితే అధికారులకు అర్థం కాదేమోనని వింగును నేనే తెలుగులోకి మార్చాను. ఆ లేఖ పంపి ఉండకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

లేఖ అందగానే ఛానల్‌వాళ్ళు చాలా మర్యాదగా ఫోన్ చేసి చర్చకు రమ్మన్నారు. మాటకారి కాబట్టి మృదుల గారు వెళ్ళారు. అక్కడ ఒక మాజీ పోలీసు అధికారి, వేగోన్మాదం మీద పరిశోధన చేసిన ఒక మానసిక నిపుణుడు, అంకెల జ్యోతిషం చెప్పే ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆరు, నాలుగు, సున్నా కలిపితే పది, పదిని కలిపితే ఒకటి, ఒకటి సూర్యుడు కాబట్టి ఆ కారు ఎర్రగా ఉండక తప్పదని జ్యోతిష్కుడు తేల్చాడు. మృదుల గారు ఓపికగా ఒక్క విషయమే చెప్పాలనుకున్నారు. ప్రయాణికుల విమానం కూడా మూడు వందల లోపు వేగంతోనే నేల విడుస్తుందని, ఒక కారు అంతకు రెట్టింపు వేగంతో రోడ్డు మీద ఎలా వెళుతుందని అడిగారు.

"అంటే ఈ కారు విమానం కన్నా రెట్టింపు వేగమని మీ సంఘమే ఒప్పుకుంటోంది," అంది యాంకరమ్మ.

ఆవిడ వాక్యం పూర్తయ్యేసరికి అదే మాట తెర కింద పరుగెత్తుతోంది.

మర్నాడు నాయుడు గారికి రవాణా కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. తోడుగా నేను వెళ్ళాను. అధికారి ఉమామహేశం గారు పొడుగాటి మనిషి, జుట్టు నెరిసింది, బల్ల మీద మా సవరణ లేఖ పెట్టుకుని ఉన్నారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరో పక్కన కూర్చుని టైపు చేస్తున్నట్టే ఉంటుంది.

"దృశ్య మాధ్యమంలో ప్రసారమైన అంశాన్ని ఈ కార్యాలయం స్వయంగా పరిగణనలోకి తీసుకున్నది," అన్నారు. "సదరు వాహనం ఆరు వందల నలభై వెళ్ళగలదని ఒక వార్త. రెండు వందల ఇరవై ఎనిమిది వెళ్ళగలదని వాహనదారుని సంఘం వారి రాతపూర్వక అంగీకారం. రెండూ నేరమే. ఏ నేరమో తేలవలసి ఉన్నది."

మాది అంగీకారం కాదు, సవరణ అని నేను మనవి చేశాను. తప్పును సవరించారంటే ఒప్పు ఏదో మీకు తెలుసన్నమాట, తెలిసిన సంగతిని అంగీకారమే అంటారని ఆయన శాంతంగా వివరించారు. ఆరు వందల నలభై వెళ్ళదని ఎలా నిరూపించాలో చెప్పమని నాయుడు గారు అడిగారు. పరీక్ష జరుపుతాము అన్నారు అధికారి.

పరీక్ష బైపాస్ మీద జరిగింది. నడపడానికి హైమావతి వచ్చింది. పక్కసీట్లో ఉమామహేశం గారు కూర్చున్నారు. సీటు నేలకు మరీ దగ్గరగా ఉండటం వల్ల ఆయన మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఆ రోడ్డు మీద గంటకు ఎనభై దాటకూడదన్నది నిబంధన, పరీక్ష అయినా సరే దాటడానికి వీల్లేదు. హైమావతి సరిగ్గా ఎనభైకి తీసుకెళ్ళి, అక్కడే నిలబెట్టి, వెనక్కి తీసుకొచ్చింది. అయితే ఎనభైకి చేరడానికి ఆ కారు తీసుకున్న సమయం చాలా తక్కువ. దిగేసరికి అధికారి గారి జుట్టు చెదిరి ఉంది, కళ్ళజోడు వంకరగా ఉంది. ఆయన మొహంలో కోపం మాత్రం నాకు కనిపించలేదు.

నివేదిక ఇలా వచ్చింది: వాహనమును ఎనభై కిలోమీటర్ల వరకు పరీక్షించడమైనది. అంతవరకు వాహనము ఏ ఇబ్బంది లేకుండా వెళ్ళినది. ఆపై వెళ్ళదని చెప్పుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి ఆధారమూ లభించలేదు. కావున ఆరు వందల నలభై అను అంకె ఖండింపబడనిదిగా భావించి, వాహనమును కార్యాలయ ప్రాంగణములో భద్రపరచవలెను.

లెక్కల మాస్టారిగా నేను ఆ నివేదికను చాలాసార్లు చదివాను. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను.

కారును కార్యాలయానికి తీసుకెళ్ళడం మరో సమస్య అయింది. అంత వేగం గల వాహనాన్ని ఊరి మధ్యనుంచి ఎలా రానిస్తామని పోలీసులు అడిగారు. చివరకు ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక హోంగార్డు నడవాలని, కారు అతని వెనకే రావాలని, దాని వెనక మైకు ఆటో రావాలని నిర్ణయించారు. ఆ హోంగార్డుకు మోకాలి నొప్పి. ఆరు వందల నలభై కిలోమీటర్ల వేగము గల వాహనము వచ్చుచున్నది, ప్రజలు దూరముగా ఉండవలెను అని మైకు చెబుతూనే ఉంది. ఊరంతా అరుగుల మీదకు, మేడల మీదకు ఎక్కి చూసింది. బజారు దగ్గర సైకిల్ మీద ఇడ్లీలు అమ్మే ఆవిడ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. సగం దూరం వెళ్ళేసరికి క్లచ్ కాలిన వాసన వచ్చింది. స్టీరింగ్ దగ్గర హైమావతి పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. పక్కన ఫుట్‌పాత్ మీద నాయుడు గారు కారు మీద చెయ్యి వేసి, జ్వరమొచ్చిన పశువు వెంట నడిచినట్టు నడిచారు.

ప్రాంగణంలో కారుకు ముందూ వెనకా ఇసుక బస్తాలు వేశారు. ఎవరూ లేనప్పుడు దానంతటదే దూసుకుపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పై అధికారుల దగ్గర వచ్చిందట. ప్రమాదకర వేగము, తాకరాదు అని బోర్డు పెట్టారు. లైసెన్సుల కోసం వచ్చినవాళ్ళు కారు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఎవరో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి వెళ్ళారు.

మేము ఊరుకోలేదు. అది మా బలహీనత. మళ్ళీ లేఖలు రాశాము. వాటిని చదివినవాళ్ళకు ఒక్క మాటే కనిపించింది: రెక్క. విమానం కన్నా వేగంగా వెళ్ళే వస్తువు, దానికి రెక్క ఉందని యజమాని సంఘమే చెబుతోంది. అలాంటిదాన్ని రవాణా కార్యాలయం ఎలా విడుదల చేస్తుంది? ఉమామహేశం గారు విమానాల వ్యవహారాలు చూసే ఒక పెద్ద కార్యాలయానికి అభిప్రాయం కోరుతూ రాశారు. వాళ్ళు ఆలస్యం చేయకుండానే జవాబిచ్చారు. రెక్కలు జతగా ఉన్నవి మాత్రమే తమ పరిధిలోకి వస్తాయట. ఒంటి రెక్క వస్తువులతో తమకు సంబంధం లేదట. ఆ జవాబుతో కారు నేలకూ చెందక, ఆకాశానికీ చెందక ఇసుక బస్తాల మధ్య ఉండిపోయింది.

పోటీ దగ్గర పడింది. వానలు మొదలయ్యాయి. నాయుడు గారు రోజూ గొడుగు వేసుకుని కార్యాలయానికి వెళ్ళి, గేటు బయట నిలబడి కారును చూసి వచ్చేవారు. టార్పాలిన్ కప్పనివ్వమని అడిగారు. కప్పితే తాకినట్టవుతుందని ఒప్పుకోలేదు. ఆయన బెల్లం కొట్లో కూర్చోవడం మానేశారు. ఒకరోజు నాతో, అమ్మాయికి తాను ఇచ్చిన మాట అదొక్కటేనని అన్నారు. మొదటిరోజు ఆ తుప్పు కారును చూసి ఇది పరుగెడుతుందా నాన్నా అని అడిగితే, నీ చేత్తోనే పరుగెట్టిస్తావు అన్నారట.

ఆ ఆదివారం హైమావతి క్లినిక్‌కు వచ్చి మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది. ఇంతవరకు మేము రాసినవన్నీ ఆమె తీరిగ్గా చదివింది.

"మీరు రాసింది ఆ ఆఫీసులో ఎవరూ నమ్మరు మాస్టారూ," అంది. "వాళ్ళు టీవీలో వచ్చింది నమ్ముతారు. మనం వాళ్ళతో మాట్లాడటం మానేసి సూరిబాబు గారిని పిలుద్దాం."

అబద్ధం చెప్పించడానికి మా సంఘం ఒప్పుకోదని మృదుల గారు వెంటనే అన్నారు. అబద్ధం ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ ఏమీ చెప్పకుండా ఉంటే చాలు అంది హైమావతి. అది మాకు అంతకన్నా కష్టమని ఆ అమ్మాయికి తెలుసు.

సూరిబాబు చెడ్డవాడు కాదు. నాయుడు గారిని చూడగానే తల దించుకున్నాడు. తాను పంపిన వార్తలో ఆరు వందల నలభై పక్కన ప్రశ్నార్థకం పెట్టానని, డెస్కులో తీసేశారని చెప్పుకున్నాడు. కారు వేగం తప్పని మళ్ళీ వార్త ఇవ్వగలవా అని నేను అడిగాను.

"వేగం ఉందంటే ఎవరూ ఆధారం అడగరండి," అన్నాడు. "లేదంటే మాత్రం చూపించాలి. లేకపోతే డెస్కులో తీసుకోరు."

చూపిస్తాను రమ్మంది హైమావతి.

మర్నాడు అందరం కార్యాలయానికి వెళ్ళాము. పత్రికా ప్రతినిధి కోరితే కారు తెరిచి చూపించడానికి అభ్యంతరం లేదని ఉమామహేశం గారు అనుమతిచ్చారు. సూరిబాబు కెమెరా సిద్ధం చేసుకుని, ఆరు వందల నలభై వెళ్ళే ఇంజన్ ఎలా ఉంటుందో ఒకసారి చూపించమన్నాడు. హైమావతి లోపల చెయ్యి పెట్టి మీట లాగింది. కారు ముందు మూత పైకి లేచింది.

లోపల ఒక స్టెప్నీ ఉంది. దాని పక్కన ఒక పాత స్వెట్టరు ఉంది.

ఆ కారు ఇంజన్ ముందు ఉండదు. సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. మంచి పరుగు కార్లు కొన్నిటిని అలాగే కడతారు, బరువు మధ్యలో ఉండాలని. ఈ సంగతి మా మొదటి లేఖలో రెండు పేరాల్లో వివరించాము కూడా. ఆ పేరాలు ఎవరూ చదవలేదు.

సూరిబాబు వంగి చూశాడు. స్టెప్నీ మీద తట్టి చూశాడు. కెమెరా అతని భుజం మీదనుంచి మా వైపు తిరిగింది. మృదుల గారి జీవితంలో ఎవరైనా ఇంజన్ గురించి తప్పనుకుంటుంటే చూస్తూ ఊరుకున్న రోజు లేదు. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కార్యాలయం గోడ మీద రోడ్డు భద్రత సూత్రాలను మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. నాయుడు గారు మబ్బుల కేసి చూస్తున్నారు.

"ఇంజన్ లేదేటమ్మా?" అన్నాడు సూరిబాబు.

"అక్కడ లేదండి," అంది హైమావతి.

అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఆ సాయంత్రం వార్త మొదటిదానికన్నా పెద్దగా వచ్చింది. ఆరు వందల నలభై బూటకం, ఇంజనే లేని కారు, అధికారుల కళ్ళకు గంతలు. ఇంతకుముందు మంటలు పెట్టినచోట ఈసారి కారును ఎద్దులు లాగుతున్నట్టు బొమ్మ వేశారు. మానసిక నిపుణుడు మళ్ళీ వచ్చి, ఇంజన్ లేని కారుతో తిరగడం కూడా వేగోన్మాదంలో ఒక దశే అన్నాడు.

రవాణా కార్యాలయం వెంటనే కదిలింది. ఉత్తర్వు ఇలా ఉంది: సదరు వస్తువునందు ఇంజన్ లేనట్లు దృశ్య మాధ్యమము ద్వారా రూఢియైనందున అది వాహనము నిర్వచనములోకి రాదు. వాహనము కానిదానికి వేగము ఉండదు. గత పరీక్షలో అది ఎనభై కిలోమీటర్లు వెళ్ళుటను రోడ్డు వాలు వలన జారుటగా భావించవలెను. వస్తువును యజమాని వెంటనే తీసుకుపోవలెను. ఇంజన్ లేనందున తోసుకుని మాత్రమే తీసుకుపోవలెను.

ఇసుక బస్తాలు తీశారు. వాన వెలిసింది కానీ ప్రాంగణం బురదగా ఉంది. నాయుడు గారు స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. వెనకనుంచి మేము తోశాము. కారు కదల్లేదు. మెట్ల మీదనుంచి చూస్తున్న ఉమామహేశం గారు చెప్పులు విడిచి, ప్యాంటు కాస్త పైకి మడిచి వచ్చి హైమావతి పక్కన భుజం ఆనించారు.

ఆయన మొహం సరిగ్గా ఇంజన్ మూత మీది చీలికల దగ్గర ఉంది. లోపల ఉన్నది చూడకుండా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. పైగా పరీక్ష రోజు అది ఆయన వీపు వెనకే గర్జించింది. ఆయన లోపలికి ఒకసారి చూశారు. తర్వాత ఆయన కళ్ళజోడు సర్దుకుని, గట్టిగా తొయ్యమని మాకు చెప్పారు.

గేటు దాటాక చేతులు దులుపుకుంటూ హైమావతికి మాత్రమే వినబడేలా అన్నారు.

"ఆ రోజు జారుడు చాలా బాగుందమ్మా."

లోపలికి వెళ్ళిపోయారు. మలుపు తిరిగేదాకా తోశాము. అక్కడ లారీ ఆగి ఉంది. పోటీకి అంత దూరం ఎలాగూ లారీ మీదే తీసుకెళ్ళాలి. రవాణా పత్రంలో సరుకు వివరం దగ్గర ఇంజన్ లేని వస్తువు, ఒకటి అని రాయవలసి వచ్చింది. మృదుల గారు ఆ కాగితం వైపు చూడలేదు.

క్లచ్ మార్చడానికి నాయుడు గారికి దొరికిన సమయం తక్కువ. ట్రాకు పక్కనే షెడ్డులో ఆయన, హైమావతి కారు కింద పడుకుని పనిచేశారు. ఒకరు అడగకముందే రెండోవారు స్పానర్ అందించడం చూశాను. వాళ్ళిద్దరూ అన్ని గంటల్లో పది మాటలు కూడా అనుకోలేదు.

హైమావతి వంతు వచ్చింది. ఎర్ర కారు గేటు దాటి ట్రాకు మీదకు వెళ్ళింది. నేను, మృదుల గారు కంచె పక్కన చెరో స్టాప్‌వాచ్‌తో నిలబడ్డాము. తిన్నని రోడ్డు చివర రెండు గుర్తుల మధ్య దూరం ముందే కొలుచుకున్నాము. ఆ దూరాన్ని కారు ఎంతసేపట్లో దాటుతుందో చూస్తే అసలు వేగం ఎంతో మొదటిసారి తేలుతుంది. నెలరోజులుగా దేశం అడుగుతున్న ప్రశ్న అది. దానికి సరైన జవాబు చెప్పగలిగినవాళ్ళం మేమిద్దరమే.

నాయుడు గారు మాకు కొంచెం దూరంలో కంచె పట్టుకుని నిలబడ్డారు. కారు మలుపులోంచి వచ్చింది. ముందు రంగు కనిపించింది, తర్వాత చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు మా గుండెల్లోంచి వెళ్ళిపోయింది. ఆయనకు కడుపులో తిప్పుతుందేమోనని చూశాను. ఆయన మునివేళ్ళ మీద లేచి, మెడ చాచి, కారు వెళ్ళినవైపే చూస్తున్నారు. చెంపల మీద నీళ్ళు. తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

హైమావతికి నాలుగో స్థానం వచ్చింది. మొదటి ముగ్గురివీ డబ్బున్న క్లబ్బుల కార్లు. ఆ అమ్మాయి హెల్మెట్ తీసి, చెమటతో అతుక్కున్న జుట్టుతో తండ్రి దగ్గరకు వచ్చి నిలబడింది. ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి, గేర్ మూడోదానిలోంచి నాలుగోదానిలోకి కొంచెం ఆలస్యంగా మారుస్తున్నావు అన్నారు. ఆమె నవ్వింది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. సూరిబాబు. ఎలా తెలిసిందో తెలిసిపోయింది. ఇంజన్ లేని కారు పోటీలో పరుగెత్తిందట, ఎంత వేగం వెళ్ళిందో ఒక్క అంకె చెబితే చాలన్నాడు. ఈసారి ప్రశ్నార్థకం ఎవరినీ తీయనివ్వనని మాటిచ్చాడు.

నా స్టాప్‌వాచ్‌లో జవాబు ఉంది. మృదుల గారి దానిలోనూ అదే ఉంది, పదో వంతు సెకను కూడా తేడా లేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. నాయుడు గారు అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాము.

ఆయన మా వైపు చూడలేదు.

"స్పీడా?" అన్నారు ఫోన్లో. "నాకు తెల్దు బాబూ. నేను మా అమ్మాయిని చూస్తన్నాను."

మృదుల గారు తన స్టాప్‌వాచ్ మీట నొక్కి సున్నా చేశారు. నేనూ చేశాను.